12 వోల్టుల తోట లైట్లు: మీటర్‌లో 12 నిండుగా ఉంది, చివరి లైటు మాత్రం గుడ్డిదీపం. ఏ సైజు వైరు వేయాలి?

వెలుగుబాట
అందరికీ నమస్తే. నడకదారి పక్కన 12 వోల్టుల డీసీ లైట్లు ఎనిమిది పెట్టాను. ఒక్కోటి 6 వాట్లు. ఇంటి లోపల 12 వోల్టుల, 5 ఆంపుల ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటుని డీసీగా మార్చే సప్లై డబ్బా) ఉంది. అక్కణ్నుంచి మొదటి లైటుకి 10 మీటర్లు, తర్వాత ప్రతి రెండున్నర మీటర్లకీ ఒక లైటు. అంటే చివరిది 27.5 మీటర్ల దూరంలో ఉంది. వైరు రెండు కోర్లది, 0.75 స్క్వేర్ ఎంఎం.

మొదటి లైటు ఫర్వాలేదు. ముందుకు వెళ్లేకొద్దీ డల్ అయిపోతున్నాయి. ఎనిమిదోదైతే గుడ్డిదీపమే. లైటే పాడైందేమోనని దాన్ని విప్పి తెచ్చి మొదటి చోట బిగిస్తే శుభ్రంగా వెలిగింది. మొదటిదాన్ని చివరికి తీసుకెళ్తే అదీ గుడ్డిదైపోయింది.

నాకు అర్థం కానిది ఇది: లైట్లు బిగించకముందే చివరి కొసల్లో మీటర్ పెట్టి చూశాను. 12.0 ఉంది. పైగా ఆ వైరు 6 ఆంపులు మోస్తుందట, నా లోడ్ మొత్తం 4 ఆంపులే. తేడా ఎక్కడ వస్తోంది?

పాతస్క్రూడ్రైవర్
లైట్లు వెలుగుతుండగా కొలిచారా? లేకపోతే కొలవనట్టే లెక్క. అన్నీ ఆన్ చేసి మూడు చోట్ల రీడింగ్ తీయండి: ఎస్‌ఎంపీఎస్ టెర్మినల్స్ దగ్గర, మొదటి లైటు దగ్గర, చివరి లైటు దగ్గర.

లెక్కలమాస్టారు
పై సలహానే మొదటి పని. ఎందుకో చెప్తాను. వైరుకి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, కానీ కరెంటు పారితేనే దాని మీద వోల్టేజీ పడిపోతుంది. లైట్లు లేనప్పుడు పారేది సున్నా, పోయేదీ సున్నా. మీటర్ లాగే కరెంటు ఎంత, చీమ తాగే నీళ్లంత. అందుకే 12.0 కనిపించింది.

ఇక 6 ఆంపుల సంగతి. అది వైరు మితిమీరి వేడెక్కకుండా మోయగలిగే బరువు. అవతలి కొసకి ఎంత చేరుతుందన్నదానికీ దానికీ సంబంధం లేదు. మెయిన్స్ కరెంటులో నాలుగు వోల్టులు దారిలో పోయినా ఎవరికీ తెలియదు. 12లో నాలుగు పోతే మూడోవంతు పోయినట్టు. కాబట్టి తక్కువ వోల్టేజీ డీసీలో వైరుని ఆంపులు చూసి కాదు, డ్రాప్ (దారిలో పడిపోయే వోల్టేజీ) చూసి ఎంచుకోవాలి. ఆంపుల రేటింగ్ సరిపోయిందో లేదో ఆ తర్వాత ఒకసారి సరిచూసుకుంటే చాలు.

సన్నటి పోగులు కలిపి అల్లిన రాగి వైరుకి 20 డిగ్రీల దగ్గర, ఒక్క కోరుకి, మీటరుకి ఎన్ని మిల్లీఓమ్‌లో రాస్తున్నాను. ఐఈసీ 60228 ప్రమాణం ఇంతకు మించకూడదని చెప్పే విలువలివి:

0.75 స్క్వేర్ ఎంఎం: 26
1.0: 19.5
1.5: 13.3
2.5: 7.98
4: 4.95
6: 3.3
10: 1.91

కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. కాబట్టి మీ వైరుకి మీటరుకి 26 కాదు, 52 మిల్లీఓమ్‌లు. ఈ రెండింతలు మర్చిపోవడమే అందరూ చేసే పొరపాటు. నేనూ చేశాను, ఒకసారి కాదు.

మీ లైట్లన్నీ చివర్న లేవు, దారి పొడుగునా ఉన్నాయి. కాబట్టి 27.5 మీటర్లతో గుణిస్తే ఎక్కువ వస్తుంది. అన్ని లైట్ల దూరాల సగటు తీసి, మొత్తం లోడ్ అక్కడే ఉందనుకుని లెక్కేయండి. మీకు మొదటిది 10, చివరిది 27.5, మధ్యవన్నీ సమాన దూరాలు. సగటు 18.75 మీటర్లు. 4 × 18.75 × 0.052 = 3.9 వోల్టులు. చివరి లైటు దాకా పోయే మొత్తం డ్రాప్ ఇదే. విడివిడిగా ఒక్కో ముక్కకీ లెక్కేసి కూడినా ఇదే వస్తుంది, కావాలంటే వేసి చూడండి.

లావువైరు
ఇన్ని లెక్కలెందుకండీ, 6 స్క్వేర్ వేసి పారేయండి. నేను ఎప్పుడూ అనుకున్నదానికంటే రెండు సైజులు పైది వేస్తాను, మళ్లీ అటువైపు చూడను.

పాతస్క్రూడ్రైవర్
6 స్క్వేర్ వైరు ఆ చిన్న లైటు టెర్మినల్లో ఎలా దూరుతుంది? ఎనిమిది చోట్ల జాయింటు కొట్టి సన్నవైరు దింపాలి. ఎనిమిది లైట్లకి పదహారు జాయింట్లు. ఆరుబయట ప్రతి జాయింటూ రేపటి తలనొప్పే.

ఊరికేచూస్తున్నా
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. స్క్వేర్ ఎంఎం అంటే వైరు లావేనా? నా దగ్గర స్కేలుతో కొలిస్తే రెండున్నర మిల్లీమీటర్లున్న వైరు ఉంది. అది 2.5దే కదా?

లెక్కలమాస్టారు
కాదు. అది అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం. 2.5 స్క్వేర్ ఎంఎం ఒంటితీగ అడ్డుకొలత 1.8 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. మీరు పైన ప్లాస్టిక్ తొడుగుతో కలిపి కొలిచినట్టున్నారు. ఆ తొడుగే లావు, లోపల 0.75 ఉన్నా ఆశ్చర్యం లేదు. పోగులు లెక్కపెట్టండి. 0.2 మిల్లీమీటర్ల పోగులు 24 ఉంటే 0.75, 32 ఉంటే 1.0. పావు మిల్లీమీటరు పోగులు 30 ఉంటే 1.5, 50 ఉంటే 2.5.

వెలుగుబాట
కొలిచాను. అన్నీ ఆన్ చేసి పది నిమిషాలు ఆగి తీసిన రీడింగులు:

ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12.0
మొదటి లైటు దగ్గర 11.0
ఎనిమిదో లైటు దగ్గర 10.2
మొత్తం కరెంటు 2.0 ఆంపులు

మాస్టారూ, మీ లెక్క ప్రకారం 3.9 పోవాలి, పోయింది 1.8 మాత్రమే. కరెంటు కూడా 4 కాదు, సగమే. లైట్లే 3 వాట్లవి అంటగట్టారా? లేక సూత్రం తప్పా?

మీటర్‌చేతిలో
సూత్రం కరెక్టే, లైట్లూ కరెక్టే అయి ఉండొచ్చు. మీ లైటు విప్పితే లోపల ఏముంది? మూడేసి ఎల్‌ఈడీలు వరసగా, పక్కన ఒక రెసిస్టర్, ఇంతేనా?

వెలుగుబాట
అవును, అంతే. ఇంకే సర్క్యూటూ లేదు.

మీటర్‌చేతిలో
అయితే చిక్కు విడిపోయినట్టే. మూడు ఎల్‌ఈడీలు కలిసి సుమారు 9 వోల్టులు తినేస్తాయి. వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా ఆ 9 పెద్దగా మారదు. మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి, కరెంటు ఎంత పారాలో తేల్చేది ఆ మూడే. 12 బదులు 11 వస్తే మనకి పన్నెండోవంతు తగ్గినట్టు కనిపిస్తుంది కానీ రెసిస్టర్‌కి మూడులో ఒకటి పోయింది. కరెంటు మూడోవంతు పడిపోతుంది. మీ చివరి లైటుకి 10.2, అంటే మూడులో మిగిలింది 1.2. అర ఆంపు పారాల్సిన చోట 0.2 పారుతోంది. వెలుతురు సుమారు 40 శాతం. గుడ్డిదీపం అన్నారు చూశారా, సరిగ్గా అదే.

లైట్లు తక్కువ లాగుతున్నాయి కాబట్టి వైరులో పోయేదీ తగ్గింది. రెండూ ఒకచోట రాజీపడ్డాయి, ఆ రాజీయే మీ 10.2. మొదటి లైటు కూడా నిజానికి మూడింట రెండొంతులే వెలుగుతోంది. పూర్తి వెలుతురు మీరింకా చూడలేదు, అందుకే ఫర్వాలేదనిపిస్తోంది.

ఒక్క మాట. ఇప్పుడు కొలిచిన 2 ఆంపులు పట్టుకుని కొత్త వైరు లెక్క వేయకండి. వైరు బాగుపడగానే లైట్లు 4 ఆంపుల వైపు ఎగబాకుతాయి. లైటు మీద రాసిన వాట్లతోనే లెక్క వేయాలి.

బ్యాటరీపెట్టె
నా అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. నా లైట్లలో డ్రైవర్ (వెలుతురు మారకుండా చూసే సర్క్యూట్) ఉంది, 10 నుంచి 30 వోల్టుల దాకా ఏదిచ్చినా ఒకే వెలుతురు. ఇంకేం, వైరు గురించి దిగులే లేదనుకున్నాను. రాత్రి తొమ్మిది దాకా అంతా బాగుండేది, బ్యాటరీ కొంచెం దిగగానే లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకోవడం మొదలు. డిమ్ అవ్వడం కాదు, పూర్తిగా ఆరి వెలగడం.

మీటర్‌చేతిలో
డ్రైవర్ ఉన్న లైటు వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచి వాట్లు నిలబెట్టుకుంటుంది. కరెంటు పెరిగితే వైరులో డ్రాప్ పెరుగుతుంది, దాంతో వోల్టేజీ ఇంకా తగ్గుతుంది, లైటు ఇంకా లాగుతుంది. ఒక హద్దు దాటాక డ్రైవర్ చేతులెత్తేసి ఆరిపోతుంది. ఆరగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, అది మళ్లీ వెలుగుతుంది. ఆ టపటప అదే. రానూపోనూ వైరు మొత్తం 1 ఓమ్ ఉందనుకోండి, 12 వోల్టుల నుంచి అవతలి కొసకి ఎంత గింజుకున్నా 36 వాట్లకు మించి చేరవు. అలాంటి లైట్లకి లెక్క వేసేటప్పుడు 12.0 కాదు, బ్యాటరీ బాగా దిగినప్పటి వోల్టేజీ తీసుకోవాలి.

ఊరికేచూస్తున్నా
ఇంకో చిన్న డౌటు. నా రంగుల స్ట్రిప్‌లో తెలుపు పెడితే మొదట్లో తెల్లగా, చివర్న ఎర్రగా కనిపిస్తోంది. ఇదీ ఇదేనా?

మీటర్‌చేతిలో
ఇదే. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకి ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. తక్కువైనప్పుడు అవి ముందు నీరసపడతాయి, ఎరుపు నిలబడుతుంది. స్ట్రిప్ లోపలి రాగి రేకు చాలా పల్చన, కాబట్టి అక్కడిదాకా లావు వైరు వేసినా స్ట్రిప్ లోపల పోయేది పోతూనే ఉంటుంది. రెండో కొసకి కూడా విడిగా వైరు లాగి సప్లై ఇవ్వండి.

వెలుగుబాట
అర్థమైంది. మరి నాకు ఏ సైజు? 18.75 మీటర్ల లెక్కతో నేనే వేశాను, చూసి చెప్పండి. 2.5కి 1.2 వోల్టులు, 4కి 0.74, 6కి 0.5, 10కి 0.29. మూడు శాతం లోపు ఉండాలని ఎక్కడో చదివాను. 12లో మూడు శాతం అంటే 0.36. అంటే 10 స్క్వేర్ వేయాలా? తోట లైట్లకి?

లావువైరు
నేను 6 అంటే నవ్వారు. ఇప్పుడు 10 దాకా వచ్చింది :)

లెక్కలమాస్టారు
లెక్క కరెక్టుగా వేశారు. కానీ మూడు శాతం అనేది అలవాటుగా పెట్టుకున్న గురి, శిలాశాసనం కాదు. లైట్లు ఇంకా కొనకపోయి ఉంటే 24 వోల్టులవి తీసుకోమనేవాణ్ని. అవే వాట్లకి కరెంటు సగం, కాబట్టి డ్రాప్ సగం. ఆ సగం కూడా 12లో కాదు, 24లో. శాతం నాలుగోవంతుకి పడుతుంది. 2.5 స్క్వేర్‌తోనే 0.6 వోల్టులు, రెండున్నర శాతం. లైట్లు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి ఈ దారి మూసుకుంది.

పాతస్క్రూడ్రైవర్
నేనైతే వరసలో ఉన్న వైరు పీకను. కంటికి తెలిసేది ఒక లైటుకీ ఇంకో లైటుకీ మధ్య తేడా. అన్నీ ఒకేలా ఒక పిసరు తగ్గితే ఎవరూ కనిపెట్టరు. కాబట్టి తేడా తగ్గించండి.

వరస మొదట్లో కాకుండా నాలుగో, ఐదో లైట్ల మధ్య సప్లై ఇవ్వండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఆ మధ్య దాకా కొత్తగా 4 స్క్వేర్ రెండు కోర్ల వైరు ఒక్కటే లాగండి. దారిలో దానికి ఏ లైటూ తగిలించొద్దు. జాయింటు ఒక్కటే చోట, అదీ సీల్ ఉన్న డబ్బాలో. అక్కణ్నుంచి పాత 0.75 అటు నాలుగు, ఇటు నాలుగు లైట్లకి వెళ్తుంది. ఒక్కో వైపు 2 ఆంపులే, సగటు దూరం 5 మీటర్లే. అందులో పోయేది అర వోల్టు.

వెలుగుబాట
బాగుంది! కానీ కొత్త వైరులో 0.74, పాతదానిలో 0.52. మొత్తం 1.26 పోతుంది కదా, 10 శాతం పైనే.

పాతస్క్రూడ్రైవర్
ఎస్‌ఎంపీఎస్ మీద టెర్మినల్స్ పక్కన చిన్న స్క్రూ లాంటిది ఉందా? దాంతో 12.8కి పెంచండి. దారిలో పోయేది ముందే కలిపి పంపినట్టు.

మీటర్‌చేతిలో
ఇక్కడ నాకు కొంచెం భయం. నాలుగైదు లైట్లు ఎప్పుడైనా పాడైతే డ్రాప్ తగ్గి మిగతావాటికి వోల్టేజీ పెరుగుతుంది. రెసిస్టర్ లైటుకి పూర్తిగా 12.8 తగిలితే రెసిస్టర్ మీద 3 బదులు 3.8, కరెంటు పావువంతు ఎక్కువ. వేడికి ఎల్‌ఈడీ ఆయుష్షు తగ్గుతుంది.

పాతస్క్రూడ్రైవర్
నిజమే. అందుకే 13.5 అనలేదు. ఎనిమిదీ వెలుగుతుండగా, కొత్త వైరు కలిసే చోటికి అన్నిటికంటే దగ్గరున్న లైటు దగ్గర మీటర్ పెట్టి, అక్కడ 12.0 దాటకుండా తిప్పాలి. లైట్లు పాడైతే బాగుచేసేదాకా మళ్లీ తగ్గించుకోవాలి. డ్రైవర్ లేని లైట్లు కొన్న పాపానికి ఆ మాత్రం కాపలా తప్పదు.

బ్యాటరీపెట్టె
ఫ్యూజు మాట ఎవరూ ఎత్తలేదు. ఎస్‌ఎంపీఎస్‌కి తన రక్షణ ఉంటుంది, నా లాంటి బ్యాటరీ వాళ్లకి ఉండదు. నేను 10 ఆంపుల ఫ్యూజు పెట్టి నిశ్చింతగా ఉండేవాణ్ని. ఒకసారి చివర్న పార తగిలి రెండు కోర్లూ కలిసిపోయాయి. ఫ్యూజు పోలేదు. పెట్టె పక్కన వైరు పట్టుకుంటే చెయ్యి కాలింది.

లెక్కలమాస్టారు
పోదు మరి. వెలుగుబాట గారి పాత వైరుతోనే చూడండి. 27.5 మీటర్ల చివర షార్ట్ అయితే దారిలో రెసిస్టెన్స్ 1.43 ఓమ్‌లు. 12.6 వోల్టుల బ్యాటరీ నుంచి పారేది 8.8 ఆంపులు. 10 ఆంపుల ఫ్యూజుకి అది మామూలు లోడే, 6 ఆంపుల వైరుకి మాత్రం నిప్పు. ఫ్యూజు కాపాడాల్సింది వైరుని. లోడ్ కంటే కాస్త పైన, వైరు మోసేదానికంటే కింద ఉండాలి. ఇక్కడైతే 5 ఆంపులు, అదీ బ్యాటరీకి ఆనుకుని.

వెలుగుబాట
4 స్క్వేర్ రెండు కోర్ల వైరు 20 మీటర్లు వచ్చింది. పూడ్చేముందు చుట్టగానే నేల మీద పెట్టి ఎస్‌ఎంపీఎస్‌కీ పాత లైనుకీ మధ్యలో కలిపి లైట్లు వేశాను. 1.65 ఆంపులు పారుతోంది. చుట్ట ఇవతలి కొసకీ అవతలి కొసకీ 0.52 వోల్టుల తేడా. నా లెక్క ప్రకారం 20 మీటర్లకి 0.198 ఓమ్, అంటే 0.33 రావాలి. ఓమ్‌ల సెట్టింగ్‌లో పెట్టి కూడా చూశాను, ఒకసారి 0.5, ఒకసారి 0.7 అంటోంది.

మీటర్‌చేతిలో
ఇంత చిన్న రెసిస్టెన్స్‌కి ఓమ్‌ల సెట్టింగ్ పనికిరాదు, మీటర్ ప్రోబ్ వైర్లకే కొన్ని పాయింట్లు ఉంటాయి. మీరు కరెంటు పంపి వోల్టులు కొలిచారే, అదే సరైన పద్ధతి. 0.52ని 1.65తో భాగిస్తే 0.315. రాగికి ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు పైనే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి.

వెలుగుబాట
గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా ఉంది. రెండుసార్లు మడిస్తే పుటుక్కున విరిగింది. చుట్ట చేతిలోకి తీసుకున్నప్పుడే ఇంత తేలిగ్గా ఉందేంటా అనుకున్నాను, మంచిదేలే అనుకున్నాను కూడా!

లెక్కలమాస్టారు
అల్యూమినియం మీద రాగి పూత. పేరుకి 4 స్క్వేర్, పని చేసేది 2.5 లాగా. కొందరు తగరం పూసిన రాగిని కూడా చూసి ఇదే అనుకుని కంగారుపడతారు. దానికి పైన తెలుపు, గీకితే లోపల ఎరుపు. అది మంచి వైరే, తడి ఉన్న చోట మరీ మంచిది. మీది దీనికి తిరగేసి ఉంది. వాపసు ఇచ్చేయండి, పూడ్చకండి. జాయింట్ల దగ్గర తేమ తగిలితే అల్యూమినియం తెల్ల పొడిలా తేలిపోతుంది.

వెలుగుబాట
వాపసు తీసుకున్నారు, కొంత గొడవపడి. ఈసారి కొనేముందే ఒక పోగు గీకి చూశాను. నిన్న పూడ్చి, మధ్యలో డబ్బా పెట్టి కలిపాను. స్క్రూ తిప్పి 12.8 పెట్టాను. రీడింగులు:

నాలుగు, ఐదు లైట్ల దగ్గర 12.0
ఒకటో, ఎనిమిదో లైట్ల దగ్గర 11.6
మొత్తం కరెంటు 3.7

దూరం నుంచి చూస్తే ఏది మొదటిదో ఏది చివరిదో తెలియడం లేదు. ఆరో లైటు మాత్రం గాలి వీస్తే మిణుకుమంటోంది.

పాతస్క్రూడ్రైవర్
ఆరోదాని జాయింటు ఎలా వేశారు?

వెలుగుబాట
మెలిపెట్టి టేపు చుట్టాను.

పాతస్క్రూడ్రైవర్
అనుకున్నాను. మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఆ ఒక్క జాయింటుకి అటొక ప్రోబ్, ఇటొక ప్రోబ్ పెట్టండి. మంచి జాయింటు అయితే పదుల్లో కూడా చూపించదు. వందల్లో ఉంటే కోసేసి క్రింప్ చేయండి (లోహపు గొట్టంలో దూర్చి నొక్కి బిగించండి), పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే తొడుగు) వేయండి.

ఇంకొకటి, ఎస్‌ఎంపీఎస్ నుంచి మొదటి లైటుకి వెళ్లే పాత పది మీటర్ల ముక్క ఏం చేశారు?

వెలుగుబాట
ఆరోదానిలో 380 మిల్లీవోల్టులు. మార్చేశాను, ఇప్పుడు 4.

పాత ముక్కని ఎస్‌ఎంపీఎస్ దగ్గర విప్పేసి అలాగే వదిలేశాను. ఇక దాంతో పనేముంది?

పాతస్క్రూడ్రైవర్
మొదటి లైటు దగ్గర అది ఇంకా కలిసే ఉంది కదా. మధ్య నుంచి వచ్చే కరెంటు మొదటి లైటు దాకా వచ్చి, అక్కణ్నుంచి ఆ ముక్కలోకీ వస్తుంది. మీరు విప్పి వదిలిన కొసల్లో మీటర్ పెట్టి చూడండి.

వెలుగుబాట
11.6 ఉంది! రెండు కొసలూ ఎస్‌ఎంపీఎస్ ఇనప డబ్బాకి జానెడు దూరంలో వేలాడుతున్నాయి. ఇప్పుడే వెళ్లి మొదటి లైటు దగ్గర కోసేసి, ఒక్కో కొసకీ విడిగా స్లీవ్ వేసి వచ్చాను.